నిశ్శబ్దమే పెట్టుబడి: సూరత్‌ నుంచి ఖోడద్‌ దాకా రేడియో ఖగోళశాస్త్రం

సూరత్‌: సలాబత్‌పురా అంటే వస్త్ర వ్యాపారం. రింగ్‌ రోడ్డు వెంబడి అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన మార్కెట్లు, చీరల మూటలతో కదిలే బండ్లు, నగరమంతటా పగలూ రాత్రీ ఆగని మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుంచి కొన్ని తరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ పరిశ్రమలో భాగమయ్యాయి. సూరత్‌ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉండటానికి ఈ కుటుంబాలే కారణం. అయితే ఇదే సూరత్‌ ఒకప్పుడు సూర్యుడి నుంచి వీచే గాలి వేగాన్ని కొలిచిన మూడు కేంద్రాల్లో ఒకటన్న సంగతి నగరంలోనూ, నగరం వెలుపలా కొద్దిమందికే తెలుసు.

విక్రమ్‌ సారాభాయ్‌ 1947లో స్థాపించిన అహ్మదాబాద్‌ ఫిజికల్‌ రీసెర్చ్‌ లేబొరేటరీ (పీఆర్‌ఎల్‌) 1980లలో గుజరాత్‌లో మూడు రేడియో టెలిస్కోపులను నడిపింది. ఒకటి అహ్మదాబాద్‌ అంచున థల్తేజ్‌లో, మరొకటి రాజ్‌కోట్‌లో, మూడోది సూరత్‌లో. మూడూ 103 మెగాహెర్ట్జ్‌ పౌనఃపున్యం వద్ద, అంటే నేటి ఎఫ్‌ఎం రేడియో స్టేషన్ల పక్కనే, ఆకాశాన్ని గమనించేవి. వీటికి పళ్లెంలాంటి డిష్‌లు లేవు. మైదానంలో స్తంభాలు పాతి, వాటి మధ్య వరుసలు వరుసలుగా తీగలు కట్టి యాంటెన్నాగా వాడేవారు.

గాలిని కొలిచిన మూడు మైదానాలు

ఆ తీగలు ఏం కొలిచేవో అర్థం కావాలంటే నక్షత్రాల మిణుకు దగ్గర మొదలుపెట్టాలి. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం అంతగా మిణుకుమనదు. నక్షత్రం మనకు చుక్కలా కనిపిస్తుంది. దాని వెలుగు గాలి పొరల్లో ఏ కాస్త చెదిరినా కంటికి తెలిసిపోతుంది. గ్రహం చిన్న బిళ్లలా ఉంటుంది కనుక ఒక అంచున తగ్గిన వెలుగు మరో అంచున సర్దుకుంటుంది. రేడియో తరంగాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వేజార్లు రేడియో ఆకాశంలో చుక్కలు. వాటి తరంగాలు సూర్యుడి పరిసరాల మీదుగా వచ్చేటప్పుడు, సూర్యుడు నిరంతరం వెలువరించే విద్యుదావేశిత కణాల ప్రవాహం వాటిని చెదరగొడుతుంది. ఈ ప్రవాహమే సౌర పవనం. దానివల్ల క్వేజార్‌ సంకేతం సెకనుకు ఒకటి రెండు సార్లు హెచ్చుతగ్గులవుతుంది. దీన్ని గ్రహాంతర మిణుకు అనవచ్చు. కేంబ్రిడ్జ్‌ శాస్త్రవేత్త ఆంటొనీ హ్యూయిష్‌ బృందం 1964లో దీన్ని గుర్తించింది.

మిట్టమధ్యాహ్నం చెరువులో లోతు తక్కువ ఉన్నచోట అడుగున వెలుగునీడల గీతలు కదులుతుంటాయి. నీటి మీది అలలను బట్టి ఆ గీతలు జరుగుతాయి. సౌర పవనం పైన అలలా సాగితే, భూమి మీద రేడియో వెలుగునీడలు అలాగే పరుగెడతాయి. వాటి వేగం సాధారణంగా సెకనుకు 300 నుంచి 800 కిలోమీటర్లు. సూరత్‌, అహ్మదాబాద్‌ మధ్య వైమానిక దూరం సుమారు 200 కిలోమీటర్లు. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో సాగే నీడ ఒక నగరాన్ని దాటాక అర సెకనుకు రెండో నగరాన్ని చేరుతుంది. రెండు చోట్ల నమోదైన హెచ్చుతగ్గులను పక్కపక్కన పెట్టి, ఎంత జరిపితే ఒకదానిపై ఒకటి సరిపోతాయో చూస్తే చాలు, గాలి వేగం తెలిసిపోతుంది. కానీ రెండే కేంద్రాలుంటే వాటిని కలిపే గీత వెంబడి వేగం మాత్రమే తెలుస్తుంది. మూడో కేంద్రం ఉంటే దిక్కు కూడా తెలుస్తుంది. త్రిభుజంలో సూరత్‌ స్థానం అది.

ఇది వట్టి కుతూహలంతో చేసిన కొలత కాదు. సూర్యుడి మీద విస్ఫోటం జరిగి ఆ ప్రవాహం ఉద్ధృతంగా భూమిని తాకితే ఉపగ్రహాలు, విద్యుత్‌ లైన్లు దెబ్బతింటాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మంది గంటల తరబడి చీకట్లో ఉండిపోవడానికి కారణం అటువంటి సౌర తుపానే.

థల్తేజ్‌ పరిశీలనల్లో ఎక్కువ చర్చకు వచ్చింది హేలీ తోకచుక్క. 1985 డిసెంబరులో దాని తోక ఒక రేడియో వనరుకు అడ్డంగా వచ్చినప్పుడు మిణుకు పెరిగిందని పీఆర్‌ఎల్‌ బృందం 1986లో ‘నేచర్‌’ పత్రికలో ప్రకటించింది. మరుసటి ఏడాది ఊటీ రేడియో టెలిస్కోప్‌ బృందం అదే పత్రికలో, తమ పరిశీలనలో అలాంటి పెరుగుదల కనిపించలేదని రాసింది. ఒక దేశంలోని రెండు కేంద్రాలు ఒకే తోకచుక్క గురించి ప్రపంచం ముందు వాదించుకోవడం నాటి భారత రేడియో ఖగోళశాస్త్రం ఏ స్థాయికి చేరిందో చెబుతుంది.

థల్తేజ్‌ ఇప్పుడు మెట్రో రైలు చేరిన నగర భాగం. సూరత్‌ నుంచి ఒక విద్యార్థి బృందమో, ఒక కుటుంబమో బయలుదేరి రేడియో ఖగోళ కేంద్రాన్ని కళ్లారా చూడాలంటే దక్షిణంగా, మహారాష్ట్రలోని పుణె జిల్లా ఖోడద్‌ గ్రామానికి వెళ్లాలి. అక్కడ ఉన్నది జెయింట్‌ మీటర్‌వేవ్‌ రేడియో టెలిస్కోప్‌. అందరూ పిలిచే పేరు జీఎంఆర్‌టీ.

వినడం కాదు, చూడటమూ కాదు

రేడియో టెలిస్కోప్‌ ఆకాశాన్ని ‘వింటుంది’ అని పత్రికలు తరచూ రాస్తాయి. మాట బాగుంది కానీ అర్థం తప్పు. రేడియో తరంగం శబ్దం కాదు, కాంతి జాతిదే. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. జీఎంఆర్‌టీ అందుకునే తరంగాల పొడవు ఇరవై సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్లకు పైగా. అందుకే పేరులో మీటర్‌వేవ్‌ అని చేరింది. శాస్త్రవేత్తలు వాడే మరో మాటతోనూ ఇదే చిక్కు. అక్కరలేని సంకేతాలను వారు రొద అంటారు. ఆ రొదకు చెవితో పని లేదు. మరమగ్గం చప్పుడు టెలిస్కోపును బాధించదు. మగ్గం మోటారు స్విచ్చులో ఎగిరే నిప్పురవ్వ మాత్రం బాధిస్తుంది.

ఆకాశం నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని మొదట గుర్తించినవాడు ఖగోళ శాస్త్రవేత్త కాదు. అమెరికాలో బెల్‌ టెలిఫోన్‌ ప్రయోగశాల ఇంజినీరు కార్ల్‌ జాన్‌స్కీ, సముద్రాల మీదుగా మాట్లాడే టెలిఫోన్‌ సంభాషణల్లో వచ్చే గరగర ఎక్కడిదో వెతుకుతూ, దానిలో ఒక భాగం పాలపుంత కేంద్రం దిక్కు నుంచి వస్తోందని 1933లో ప్రకటించారు. రేడియో సంకేతాల బలాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఆ ప్రమాణం ఎంత చిన్నదంటే, చంద్రుడి మీద ఒక మొబైల్‌ ఫోన్‌ పెట్టి మోగిస్తే భూమి మీది టెలిస్కోపుకు అది ఆకాశంలోని ప్రకాశవంతమైన రేడియో వనరుల్లో ఒకటిగా కనిపిస్తుంది.

తెలుగు ప్రాంతాల పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. తిరుపతి సమీపాన గాదంకిలో 1,024 యాంటెన్నాలతో పరుచుకున్న కేంద్రాన్ని రేడియో టెలిస్కోప్‌ అనుకునేవారున్నారు. అది రాడార్‌. 53 మెగాహెర్ట్జ్‌ తరంగాలను తానే పైకి పంపి, వాతావరణం నుంచి తిరిగొచ్చిన వాటిని పరిశీలిస్తుంది. రేడియో టెలిస్కోప్‌ ఏమీ పంపదు, వచ్చినదాన్ని పట్టుకుంటుంది, అంతే. ఆ అర్థంలో తెలుగునాట రేడియో ఖగోళ పరిశీలన 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జరిగింది. హైదరాబాద్‌ సమీపాన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్‌–రంగాపూర్‌ వేధశాల గ్రహణ మార్గంలోనే ఉండటంతో, అక్కడ చిన్న రేడియో టెలిస్కోపుతో సూర్యుణ్ణి పరిశీలించారు.

ఇనుప తీగతో నేసిన పళ్లెం

జీఎంఆర్‌టీ కథ ఖోడద్‌లో మొదలు కాలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఠాకూర్‌ద్వారాలో 1929లో పుట్టిన గోవింద్‌ స్వరూప్‌ ఆస్ట్రేలియాలో రేడియో ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. సిడ్నీ దగ్గర పాట్స్‌ హిల్‌లో వాడకం మానేసిన ఆరడుగుల డిష్‌లు 32 ఆయన ప్రయత్నంతో భారత్‌కు కానుకగా వచ్చాయి. టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరాక వాటినే 1965లో ముంబయి సమీపంలోని కల్యాణ్‌లో నెలకొల్పారు. సూరత్‌లాగే తెలుగు నేతకారులు స్థిరపడిన భివండీకి కల్యాణ్‌ పొరుగు పట్టణం. దేశపు తొలి పెద్ద రేడియో టెలిస్కోపుల కథ అలా మగ్గాల ఊళ్ల పక్కగా సాగింది.

తరువాతిది ఊటీ. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న స్తూపాకార టెలిస్కోపును 1970లో పూర్తిచేశారు. ఊటీ దగ్గర ఒక కొండవాలు 11 డిగ్రీలు వంగి ఉంది. ఆ ప్రదేశపు అక్షాంశమూ దాదాపు అంతే. కాబట్టి వాలు మీద ఉత్తర దక్షిణంగా నిర్మించిన టెలిస్కోపు తనంతట తానే భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, ఆకాశంలోని వనరును గంటల తరబడి అనుసరిస్తుంది. కోట్లు ఖర్చయ్యే యంత్రాంగం చేయాల్సిన పనిని కొండే చేసిపెట్టింది.

ఖోడద్‌లో పొదుపు మరో రూపం తీసుకుంది. ఇక్కడ 45 మీటర్ల వ్యాసం గల డిష్‌లు 30 ఉన్నాయి. అంత పెద్ద పళ్లేన్ని లోహపు రేకుతో చేస్తే బరువు, ఖర్చు రెండూ భరించలేనివి. గాలి ఒత్తిడి మరీ ప్రమాదం. స్వరూప్‌, ఆయన సహచరులు రేకును వదిలి వలను ఎంచుకున్నారు. 16 ఉక్కు చట్రాలను గొడుగు ఊచల్లా అమర్చి, వాటి మధ్య తుప్పుపట్టని ఉక్కు తాళ్లు బిగించి, ఆ తాళ్ల మీద అర మిల్లీమీటరు మందం దాటీదాటని ఉక్కు తీగల వలను లాగి కట్టారు. తాళ్ల బిగింపును సవరిస్తూ వలకు కావాల్సిన వంపు తెచ్చారు. గాలి వల కన్నాల గుండా దూసుకుపోతుంది. రేడియో తరంగం పోలేదు. దాని పొడవుతో పోలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్ల కన్నం చాలా చిన్నది కాబట్టి వల దానికి అద్దంలాగే పనిచేస్తుంది. పడుగు, పేకల మధ్య ఎంత సందు ఉంచితే బట్ట ఏ పనికి వస్తుందో తెలిసిన నేతకారుడికి ఈ లెక్క వివరించి చెప్పనక్కరలేదు.

30 డిష్‌లలో 14 సుమారు ఒక చదరపు కిలోమీటరు పరిధిలో గుంపుగా ఉన్నాయి. మిగిలిన 16 ఆంగ్ల అక్షరం ‘వై’ ఆకారంలో మూడు దిక్కులకు విస్తరించాయి. కొసల మధ్య గరిష్ఠ దూరం సుమారు 25 కిలోమీటర్లు. సందర్శకుడికి ఒకే చోట నిలబడి మొత్తం టెలిస్కోపును చూసే వీలు లేదు. పొలాల మధ్య, ఊళ్ల పక్కన, ద్రాక్ష తోటల అవతల ఒక్కో డిష్‌ కనిపిస్తుంది. ఇవన్నీ కలిస్తేనే ఒక టెలిస్కోప్‌.

కలిసే తీరు ఇది. ప్రతి డిష్‌ అందుకున్న సంకేతం భూగర్భ ఆప్టికల్‌ ఫైబర్‌ ద్వారా కేంద్ర భవనానికి చేరుతుంది. అక్కడి కంప్యూటర్లు ప్రతి డిష్‌ సంకేతాన్ని మిగతా ప్రతి డిష్‌ సంకేతంతో జతకట్టి పోలుస్తాయి. 30 డిష్‌లకు జతలు 435. ఒక్కో జత ఆకాశ చిత్రంలో ఒక్కో పోగును ఇస్తుంది. భూమి తిరుగుతున్నకొద్దీ ఆకాశం నుంచి చూస్తే ప్రతి జత కోణమూ మారుతూ, కొత్త పోగులు పడుతూ ఉంటాయి. గంటల తరబడి ఇలా నిండిన చిత్రం 25 కిలోమీటర్ల వెడల్పున్న ఒకే డిష్‌ తీసినంత సూక్ష్మంగా ఉంటుంది. 21 సెంటీమీటర్ల తరంగం వద్ద ఈ సూక్ష్మత సుమారు రెండు ఆర్క్‌ సెకన్లు, అంటే కిలోమీటరు దూరంలో ఉన్న సెంటీమీటరు వస్తువు పరిమాణం. ఈ పద్ధతిని అభివృద్ధి చేసిన మార్టిన్‌ రైల్‌కు, పల్సార్ల ఆవిష్కరణకు గాను హ్యూయిష్‌కు కలిపి 1974 నోబెల్‌ భౌతికశాస్త్ర బహుమతి వచ్చింది. తొలి పల్సార్‌ సంకేతాన్ని 1967లో నిజానికి గుర్తించినది హ్యూయిష్‌ విద్యార్థిని జోసెలిన్‌ బెల్‌. ఆమెకు ఆ బహుమతిలో వాటా దక్కలేదన్న చర్చ నేటికీ ముగియలేదు. సూరత్‌ కథకు ఇదీ చుట్టరికమే. ఆమె వాడిన తీగల మైదానం గ్రహాంతర మిణుకును కొలవడానికి కట్టినదే.

ఏం కనిపెట్టింది?

2002 నుంచి జీఎంఆర్‌టీ ప్రపంచ శాస్త్రవేత్తలందరికీ అందుబాటులో ఉంది. పరిశీలన ప్రతిపాదనలు పంపితే నిపుణుల సంఘం యోగ్యతను బట్టి సమయం కేటాయిస్తుంది. 30కి పైగా దేశాల వారు దీన్ని వాడుకున్నారు. తరువాతి దశాబ్దంలో గ్రాహకాలు, కంప్యూటర్లను మార్చి, 120 నుంచి 1,450 మెగాహెర్ట్జ్‌ దాకా దాదాపు విరామం లేకుండా పనిచేసేలా ఆధునికీకరించారు.

స్వరూప్‌ తొలినాటి ఆశ హైడ్రోజన్‌. విశ్వంలో అన్నింటికంటే ఎక్కువగా ఉన్న ఈ వాయువు 21 సెంటీమీటర్ల పొడవైన రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తున్నందున దూరపు గెలాక్సీల నుంచి వచ్చే ఆ తరంగం దారిలో సాగిపోయి మరింత పొడవుగా మారి మనకు అందుతుంది. ఎంత సాగిందో చూస్తే ఎంత పాతదో తెలుస్తుంది. పుణెలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రం శాస్త్రవేత్తలు 2020లో 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి, సుమారు 800 కోట్ల సంవత్సరాల క్రితం గెలాక్సీల్లో సగటున ఎంత హైడ్రోజన్‌ ఉండేదో లెక్కగట్టారు. ఏ ఒక్క గెలాక్సీ సంకేతమూ విడిగా చూస్తే రొదలో కలిసిపోయేదే. 2023లో మరో అడుగు పడింది. 880 కోట్ల సంవత్సరాల క్రితం ఒక గెలాక్సీ నుంచి బయలుదేరిన హైడ్రోజన్‌ తరంగాన్ని విడిగా గుర్తించినట్లు కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ప్రకటించారు. దారిలో ఉన్న మరో గెలాక్సీ గురుత్వాకర్షణ భూతద్దంలా పనిచేసి ఆ సంకేతాన్ని పెంచడంతో అది సాధ్యమైంది. అదే ఏడాది జూన్‌లో, పల్సార్ల టిక్కు టిక్కును గడియారంగా వాడి అతి నెమ్మదైన గురుత్వ తరంగాల ఆనవాళ్లు చూపిన అంతర్జాతీయ ప్రకటనల్లోనూ ఖోడద్‌ లెక్కలు ఉన్నాయి.

వీటన్నింటికంటే పిల్లలకు నచ్చే సంఘటన వేరే ఉంది. 2016 అక్టోబరు 19న ఐరోపా అంతరిక్ష సంస్థ ‘స్కియాపరెల్లి’ అనే నౌకను అంగారకుడి మీద దించబోయింది. ఆ నౌక పంపే బలహీన సంకేతాన్ని భూమి మీద అందుకున్న టెలిస్కోప్‌ జీఎంఆర్‌టీయే. నౌక అంగారక వాతావరణంలోకి దిగడం, పారాచూట్‌ తెరుచుకోవడం సంకేతంలో కనిపించాయి. నేలను తాకాల్సిన సమయానికి కాస్త ముందు సంకేతం ఆగిపోయింది. నౌక కూలిపోయింది.

రొదతో పోరు

ఖోడద్‌ను ఎంచుకోవడానికి కారణాల్లో మొదటిది అక్కడి రేడియో నిశ్శబ్దం. చుట్టూ కొండలు నగరాల ప్రసారాలను అడ్డగిస్తాయి. గాలి వేగం తక్కువ. భూ అయస్కాంత మధ్యరేఖకు కొంత ఎడంగా ఉండటంతో అయనావరణం స్తిమితంగా ఉంటుంది. 19 డిగ్రీల అక్షాంశం కనుక పాలపుంత కేంద్రంతో సహా దక్షిణాకాశంలో చాలా భాగం అందుతుంది. కొండలు, అక్షాంశం మారవు. నిశ్శబ్దం మాత్రం ఏటేటా కరిగిపోతోంది.

కొత్త మొబైల్‌ టవర్లు, హైటెన్షన్‌ లైన్లలో వదులైన అతుకులు, వెల్డింగ్‌ యంత్రాలు, చౌకరకం ఎల్‌ఈడీ దీపాలు కూడా మీటరు తరంగాల్లో రొద పుట్టిస్తాయి. తల మీదుగా పోయే ఉపగ్రహాలకు కొండలు అడ్డు కావు. కంప్యూటర్‌ సాయంతో కొంత రొదను ఏరివేయవచ్చు. కానీ ఏరివేసిన ప్రతిసారీ దానితో పాటు ఆకాశపు సంకేతమూ కొంత పోతుంది. ఉతికి మరక పోగొట్టిన బట్టలో నేత కూడా కాస్త పలచబడినట్టు.

ఈ పోరు పతాక శీర్షికలకు ఎక్కింది మాత్రం రైలు వల్ల. పుణె–నాసిక్‌ నగరాల మధ్య ప్రతిపాదించిన సెమీ హైస్పీడ్‌ రైలు మార్గం మొదటి ప్రణాళిక ప్రకారం నారాయణగావ్‌ ప్రాంతం మీదుగా వెళ్లాలి. విద్యుత్‌ రైలు పైకప్పు మీది పరికరం తీగను రాసుకుంటూ పోయేటప్పుడు పుట్టే రవ్వలు టెలిస్కోపుకు పిడుగులాంటివి. ఆ మార్గం జీఎంఆర్‌టీ పనికి అడ్డవుతుందని, కాబట్టి మార్చక తప్పదని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్‌ ప్రకటించారు. ఇది స్థానికులకు రుచించలేదు. జున్నర్‌, నారాయణగావ్‌, సంగమనేర్‌ ప్రాంతాల ప్రజలు, ప్రజాప్రతినిధులు పాత మార్గమే కావాలని పట్టుబట్టారు. టమాటా, ద్రాక్ష పండించే రైతుకు రైలు అంటే సరుకు చెడకుండా మార్కెట్‌ చేరడం. వారి కోరికలో అన్యాయం లేదు. వందల కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన సంకేతాన్ని అందుకోవాలనుకునే శాస్త్రవేత్త కోరికలోనూ లేదు. రైలును మరో దారిన మళ్లించవచ్చు. 30 డిష్‌లను మరో చోటికి మోసుకుపోవడం సాధ్యం కాదు. చర్చలో ఈ చిన్న తేడా తరచూ మరుగున పడుతోంది.

ఎలా వెళ్లాలి, ఏం చూడాలి

సూరత్‌ నుంచి సాపుతారా, నాసిక్‌, సంగమనేర్‌ మీదుగా నారాయణగావ్‌కు రోడ్డు దూరం 350 కిలోమీటర్లకు పైనే. రైలులో వెళ్లేవారు నేరుగా పుణె చేరి, అక్కడి నుంచి నాసిక్‌ రహదారిలో ఉత్తరంగా సుమారు 75 కిలోమీటర్లు ప్రయాణించి నారాయణగావ్‌లో దిగవచ్చు. ఖోడద్‌ అక్కడి నుంచి తూర్పున పదిహేను కిలోమీటర్ల లోపే. భివండీ, సోలాపుర్‌ తెలుగువారికి ఈ ప్రయాణం ఇంకా సులువు. ఒక్క రోజులో సూరత్‌ నుంచి వెళ్లి రావాలనుకుంటే పిల్లలు అలసిపోతారు. రాత్రికి నారాయణగావ్‌లో ఆగడం మంచిది.

ఇది పనిచేసే పరిశోధన కేంద్రం. ఎప్పుడంటే అప్పుడు గేటు తెరవరు. సాధారణ సందర్శకులకు శుక్రవారాలు కేటాయించారు. ముందుగా రాసి అనుమతి పొందాలి. పాఠశాల బృందాలు ఉపాధ్యాయుడి పేరు, పిల్లల సంఖ్య తెలిపి తేదీ ఖరారు చేసుకున్నాకే రైలు టికెట్లు కొనుక్కోవాలి. లోపల మొబైల్‌ ఫోన్లు ఆపివేయాలి. వైర్‌లెస్‌ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్‌ వాచీలు కూడా ప్రసారం చేసేవే అన్నది పిల్లలకు ముందే చెబితే నయం.

అనుమతితో పనిలేకుండా చూడాలంటే ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం తగిన సమయం. ఏటా ఆ సందర్భంగా కేంద్రం తలుపులు తెరుస్తుంది. చుట్టుపక్కల జిల్లాల బడి పిల్లలు తాము చేసిన నమూనాలతో విజ్ఞాన ప్రదర్శనలో పాల్గొంటారు. వేలాది మంది వస్తారు. అయితే ఆ రద్దీలో ప్రశ్నలడిగే తీరిక దొరకదు. తెలుసుకోవాలనే ఉద్దేశంతో వెళ్లేవారికి శుక్రవారమే మేలు.

చూడటానికి వెళ్లినవారు ఒక విషయంలో నిరాశపడతారు. కన్ను పెట్టి చూడటానికి గొట్టం ఉండదు. పరిశీలన పగలూ రాత్రీ, మబ్బుల్లోనూ సాగుతుంది కనుక చీకటి కోసం కాచుకునే పనీ లేదు. నియంత్రణ గదిలో తెరల మీద గీతలు, అంకెలు ఉంటాయి. కానీ డిష్‌ కింద నిలబడి తలెత్తితే వల గుండా నీలాకాశం కనిపిస్తుంది. అంత భారీ కట్టడం అంత పలచగా ఉండటం చూసి ఆశ్చర్యపోని వారుండరు. డిష్‌ కేంద్రబిందువు వద్ద, నాలుగు కాళ్ల మీద నిలిచిన పెట్టెలో వేర్వేరు పౌనఃపున్యాల గ్రాహకాలు ఉంటాయి. కావాల్సినదాన్ని డిష్‌ వైపు తిప్పుతారు. అదృష్టం ఉంటే సందర్శకుల కళ్ల ముందే డిష్‌లన్నీ ఒక్కసారిగా ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు మళ్లుతాయి. ఆ దిక్కున ఏముందని అడగడం మరువకూడదు. ఆ పూట పరిశీలిస్తున్న గెలాక్సీయో, పల్సారో అక్కడివారు పేరు పెట్టి చెబుతారు.

వివరణలు మరాఠీ, హిందీ, ఆంగ్ల భాషల్లో ఉంటాయి. సూరత్‌ తెలుగు మాధ్యమ పిల్లలకు హిందీ కొత్త కాదు. అయినా బయలుదేరే ముందు తరగతిలో పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం, వ్యాకోచం అన్న మూడు మాటలను తెలుగులో అర్థం చేయించి, హిందీలో వాటిని ఏమంటారో నల్లబల్ల మీద రాసి చూపితే అక్కడ చెప్పేది సూటిగా ఎక్కుతుంది. మరో చిన్న ప్రయోగమూ బస్సులోనే చేయవచ్చు. పాత ట్రాన్సిస్టర్‌ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్‌ లేని చోట పెట్టి సూరత్‌లో ఒకసారి, సాపుతారా కొండల్లో ఒకసారి, నారాయణగావ్‌ పొలిమేరలో ఒకసారి వినాలి. గరగర ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో పిల్లలే కాగితం మీద రాసుకుంటారు. ఖోడద్‌ గేటు దగ్గర ఆ రేడియోను కూడా ఆపివేసి సంచిలో పెట్టాలి.